డ్రమ్ములకు పెట్టిన దిష్టిచుక్క

నాకు నచ్చిన బ్యాండ్ల గురించి నేను నోరు తెరిస్తే చాలు, మా ఆయనకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. బండికి గాలి కొట్టించుకురావాలంటారు. మేడ మీద ట్యాంకు నిండిందో లేదో చూసొస్తానంటారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. పాటంటే ఆయన దృష్టిలో ఒక పల్లవి, రెండు చరణాలు, మధ్యలో కాస్త ఫ్లూటు. నాకేమో గిటారు గొంతు కొంచెం చిరిగి ఉండాలి, డ్రమ్ములు పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టేలా ఉండాలి. పాడేవాడికి పాడటం పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు, చెప్పాల్సిన మాట మాత్రం కడుపులోంచి రావాలి. ఇరవై ఏళ్ళ కాపురంలో మేం రాజీ పడనిది ఈ ఒక్క విషయంలోనే.

ఈ సంగీతాన్ని గరాజ్ రాక్ అంటారు. ఇంటి పక్కన కారు పెట్టుకునే షెడ్డులో ముగ్గురో నలుగురో చేరి, ఎవరూ నేర్పకుండానే, చేతికొచ్చినట్టు వాయించుకుంటూ పుట్టించిన సంగీతమిది. పెద్ద కంపెనీల అండ లేకుండా తమ పాటలు తామే రికార్డు చేసుకుని తామే జనంలోకి వదిలేవాళ్ళు ఇండీ బ్యాండ్లు. నేను విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఒక ఎంపీత్రీ సీడీ ఉండేది. దానిమీద స్కెచ్ పెన్నుతో ‘మిక్స్’ అని మాత్రం రాసి ఉంది. మొదటిసారి పెట్టినప్పుడు ప్లేయర్ పాడైపోయిందనుకుని ఇద్దరం దాన్ని రెండు దెబ్బలు కొట్టాం. రెండోసారి విన్నప్పుడు పాడైంది ప్లేయర్ కాదని తెలిసింది. మూడోసారికి నేను మంచం దిగి నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. కూర్చుని వినే పాట కాదు అది, అంతే.

బ్యాండ్ల పేర్లు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఎవరో ఒకరు వచ్చి, వాళ్ళ కన్నా వీళ్ళు గొప్పని తగువుకు దిగుతారు. మా ఇంట్లో వాళ్ళకు నేను పెట్టుకున్న గుర్తులే ఇక్కడా చాలు. అక్కాచెల్లెళ్ళ బ్యాండ్ ఒకటుంది, ఏదో చలిదేశం వాళ్ళు. ముగ్గురూ కలిసి ఒకే మనిషిని తిడుతున్నట్టు పాడతారు. మొదటి ఆల్బమ్‌లో వాళ్ళ గిటారు శ్రుతిలో ఉండదు, అందుకే అది బంగారం. రెండో ఆల్బమ్‌కి శ్రుతి చేసుకోవడం నేర్చుకున్నారు, నేను వినడం మానేశాను. దగ్గు బ్యాండ్ అని ఇంకొకటి. వాళ్ళ మంచి పాట నడుమ పాడేవాడికి దగ్గొస్తుంది. ఆ దగ్గు తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. అది ఎప్పుడొస్తుందో నాకు కంఠతా తెలుసు, వచ్చినప్పుడల్లా చప్పట్లు కొడతాను. “దగ్గుకి సప్పట్లేటే, సిరప్పు ఇయ్యాల గానీ” అంటారు మా ఆయన. ఈశాన్యం కొండల్లోని ఒక బ్యాండ్ వాళ్ళ భాషలో పాడుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. ఐనా వాన పట్టిన రోజున ఆ పాట వినకపోతే నాకు వాన కురిసినట్టే అనిపించదు. పదకొండు నిమిషాల పాట చేసిన బ్యాండ్ ఒకటుంది. వాళ్ళతో నాకు మాటల్లేవు.

నా నియమాలు రెండే. పాట మూడు నిమిషాలు దాటకూడదు. డ్రమ్ములు మనిషే వాయించాలి, మిషన్ వాయించకూడదు. మిషన్‌కు అలసట రాదు, భయం వెయ్యదు, ఇష్టమైన చోట చెయ్యి నాలుగింతలు గట్టిగా పడదు. ఈ రెండో నియమం గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే దాన్ని తప్పించింది మళ్ళీ నేనే.

ఇవన్నీ నేను ఫోన్లో ఒక పేజీలో రాస్తుంటాను, తెలుగులోనే. చదివేవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. వాళ్ళలో ఇద్దరు మా చుట్టాలు, మొహమాటానికి బొటనవేలు బొమ్మ పెట్టి పోతారు. అందుకే నా రాత ఎవరినీ ఏమీ చెయ్యదన్న ధీమాతో ఇష్టమొచ్చినట్టు రాస్తూ వచ్చాను.

ఇక నా జబ్బు గురించి చెప్పాలి. మా పుట్టింట్లో ఎవరినీ నిండుగా మెచ్చుకోరు. పసిపిల్ల ముద్దుగా ఉంటే బుగ్గ మీద కాటుక చుక్క పడాల్సిందే. కొత్త ఇంటి ముందు దిష్టిబొమ్మ వేలాడాల్సిందే. అది మాటల్లోకీ వచ్చేసింది. కూర అమృతంలా ఉన్నా “బాగుంది గానీ ఉప్పే ఒక పిసరు...” అనాలి, లేకపోతే రేపు ఆ కూర మాడిపోతుందని మా అమ్మ నమ్మకం. పైగా నా ఉద్యోగం కూడా దీనికి తోడైంది. గరివిడిలో, ఉక్కులో కలిపే లోహాలు చేసే ఫెర్రో ఫ్యాక్టరీ ల్యాబులో పని నాది. శాంపిల్ ఎంత శుభ్రంగా ఉన్నా, అందులో అక్కర్లేని ఫాస్ఫరస్ ఎంతుందో రాయకుండా నా రిపోర్టు పూర్తవదు. ఇంట్లో చుక్క, ఆఫీసులో ఫాస్ఫరస్. తప్పు ఒక్కటైనా చూపించకుండా సంతకం పెట్టే అలవాటు నా చేతికి లేదు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ల్యాబులో టీ తాగుతుంటే ఫోను తనంతట తానే ఒక పాట వినిపించింది. గిటారు, డ్రమ్ములు, ఒక గొంతు. ఇద్దరే ఉన్నారని తెలుస్తోంది. ఫొటోలో మనుషులు లేరు, ఒక తెల్ల గోడ ఉందంతే. అతను పాడుతున్నది మా మాట! “బేగి రాయే, బేగి రాయే, గేటు పడిపోతన్నాది” అని. బేగి అంటే తొందరగా అని ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఎక్కడెక్కడి భాషలకో చప్పట్లు కొట్టిన నాకు, మా సంతలో వినపడే మాట గిటారు మీద కూర్చుని రావడం వింటే ఒళ్ళు ఝల్లుమంది. అన్నిటి కన్నా నచ్చింది డ్రమ్ములు. రెండో చరణం దగ్గర హఠాత్తుగా పరుగందుకుంటాయి. గుండె కూడా వాటి వెంట పడుతుంది. పాట ఆగాక కింద నేలలోంచి గుడగుడమని ఒక మోత మొదలై, అది పెద్దదయ్యేలోపు టక్కున ఆగిపోతుంది. రెండున్నర నిమిషాలు కూడా లేదు. ఆ మధ్యాహ్నం ఏడుసార్లు విన్నాను. టీ చల్లారిపోయింది.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళని రాశాను. ఆ గేటు మనిషి ఆయుష్షుకు గుర్తని రాశాను. ఆఖరి మోత ఏ పరికరంతో సాధించారో గానీ మన దేశంలో ఇంతవరకూ ఇంత గంభీరమైన బేస్ వినలేదని రాశాను. చివరికొచ్చి మొత్తం చదువుకుంటే నాకే భయం వేసింది. ఎక్కడా ఒక్క లోపం లేదు! నిండు కుండలా ఉంది. దిష్టి తగలదూ? వెతికి వెతికి ఒక మాట చేర్చాను: ‘ఒక్కటే లోటు. డ్రమ్ములు వాయించేవారు రెండో చరణానికి వచ్చేసరికి తొందరపడుతున్నారు. కాస్త నిలకడ ఉంటే ఈ పాట ఎక్కడికో వెళ్ళేది.’ నాకు అన్నిటి కన్నా నచ్చిందే అది. కాని దిష్టిచుక్క ముద్దొచ్చే బుగ్గ మీదే కదా పెడతారు. పెట్టి, హాయిగా నిద్రపోయాను.

ఆ తరవాత నెలల పాటు వాళ్ళ కొత్త పాట రాలేదు. ఈ ఏడాది మొదట్లో, చలి ఇంకా వదలని ఒక గురువారం పొద్దున నా పేజీకి ఒక మెసేజి వచ్చింది. “మేడమ్, మీరు సెప్పిన లోటు సరిసేసేశాం. డ్రమ్ములు ఇప్పుడు కంప్యూటర్ వాయిస్తాది, సెకను కూడా తొందరపడదు. ఈ ఆదివారం సాయంత్రం విజయనగరంలో కాలేజీ హాల్లో మాది మొదటి ప్రోగ్రామ్. ఇని ఎలగున్నాదో సెప్పండి.” కింద పాట ఉంది. అదే పాట, స్టూడియోలో మళ్ళీ చేశారు.

విన్నాను. ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించిన చొక్కాలా ఉంది. ఎక్కడా ముడత లేదు, లోపల మనిషీ లేడు. రెండో చరణం వచ్చింది, వెళ్ళిపోయింది. ఏమీ పరుగెత్తలేదు. డ్రమ్ములు వాయించే ఆయన ఏమయ్యారని రాశాను. “ఆయన కాదండీ, ఆవిడ. మా స్కూల్లో నాకు సీనియర్. మీరు రాసింది సదివిన కాడినుంచీ రావడం మానేసింది. నా వల్ల పాట పాడవకూడదు, మిషన్ పెట్టుకో అని తనే సెప్పింది” అని జవాబు.

ఇద్దరు మనుషుల బ్యాండ్‌లో ఒక మనిషిని నేను లేపేశాను. పట్టుమని పదిమంది చదవని పేజీలోంచి, నాకు బాగా నచ్చిన చేతుల్లోంచి కర్రలు లాగేశాను. ఆదివారానికి మూడు రోజులుంది. అప్పటికీ ఆమె స్టూలు మీద మిషనే కూర్చుంటే, ఇక అది మిషన్‌దే అయిపోతుంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఈసారి ఏ ట్యాంకూ చూడ్డానికి లేవలేదు. “మెచ్చుకుంటే మెచ్చుకోవాల గానీ సివర్ని ఆ తోకేటే?” అన్నారు. “పెళ్ళిసూపుల్లో నన్ను సూసి కూడా మీ అమ్మతో ‘మనిషి మంచోడే గానీ సెవులే కొంచెం పెద్దవి’ అన్నావంట. అప్పట్నుంచి సలికాలం వచ్చిందంటే మఫ్లరు తీస్తే ఒట్టు.”

“అది దిష్టి తగలకుండా అన్నానండీ!”

“ఆ సంగతి నాకిప్పుడా సెప్తన్నావు?” అని ఆయన పడి పడి నవ్వారు. ఆ తరవాత, “రెండో శనివారం, ఇద్దరికీ సెలవే కదా. ఎల్దాం పద. ఆ పిల్లకి ఎదురుగా నిలబడి సెప్పు” అన్నారు.

ఎక్కడుంటారని మెసేజిలో అడిగితే కొత్తవలస అన్నాడు ఆ అబ్బాయి. గరివిడిలో ప్యాసింజర్ ఎక్కితే మాకు ఎంత దూరమని! నేను చలిదేశాల్లో వెతుక్కుంటున్నది ఒక టిక్కెట్టు దూరంలో ఉందన్నమాట. స్టేషన్ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు లైను పక్కన ఉన్న బాట పట్టుకుని, లెవెల్ క్రాసింగ్ గేటు దాటగానే రేకుల షెడ్డు కనపడింది. అంతకన్నా ముందు వాసన వచ్చింది. పాడే అబ్బాయి ఇంట్లోవాళ్ళది చేపల వ్యాపారం. తెల్లారి రేవు నుంచి వచ్చిన చేప ఈ షెడ్డులో ఐసు వేసుకుని, తొమ్మిది గంటలకల్లా సంతలకు వెళ్ళిపోతుంది. అక్కడినుంచి మధ్యాహ్నం దాకా షెడ్డు వీళ్ళది. ఫొటోలో నేను చూసిన తెల్ల గోడ, పైదాకా పేర్చిన థర్మోకోల్ చేపల పెట్టెలు! మోత బయటికి పోకుండా వాటినే నాలుగు వైపులా పేర్చుకున్నారు.

అతనికి పాతికేళ్ళుంటాయి. చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. గోడ మీద నా రాత కాగితం మీద అచ్చు తీసి అతికించి ఉంది. మేకుకు వేలాడుతున్న క్యాలెండరు పక్కన, చాలా గౌరవంగా. ఆఖరి మూడు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీత. పొగడ్త ఒక్కదాని కిందా గీత లేదు. కిటికీ ఎదురుగా డ్రమ్ములున్నాయి. చర్చిలో కొత్తవి కొన్నాక తీసేసిన పాత సెట్టు అట. వాటి వెనక స్టూలు మీద ఒక ల్యాప్‌టాప్ కూర్చుని ఉంది.

“మీలాగ ఎవరూ మా గురించి రాయనేదు మేడమ్” అన్నాడు అతను. “రాసింది మీరొక్కరే. అందుకే మీ మాట...”

అంటూ అంటూ చెయ్యెత్తి ఆపేశాడు. బయట హారన్ మోగింది, గేటు పడింది. కాసేపటికి నేలలోంచి గుడగుడమని మొదలైంది. రేకులు కంపించాయి, ఎవరూ ముట్టుకోకుండానే డ్రమ్ముల పళ్ళేలు సన్నగా మోగాయి. ముడి ఇనుము గూడ్సు, పెట్టె తరవాత పెట్టె, షెడ్డును ఊపేసుకుంటూ పోయింది. ఆ మోత నాకు బాగా తెలుసు. దాన్నే నేను మన దేశంలో ఇంతవరకూ వినని గంభీరమైన బేస్ అని రాసింది. మా ఆయన నా వంక చూడకుండా పైకప్పు వైపు చూస్తున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని ఊగుతున్న మఫ్లరు అంచులే చెబుతున్నాయి.

“బండొస్తే రికార్డింగ్ కుదరదండీ” అన్నాడు అతను గూడ్సు పోయాక. “ఒక బండి ఎల్లాక మొదలెట్టి రెండోది వచ్చేలోపు పాట అయిపోవాల. అందుకే మా పాటలన్నీ పొట్టి.”

ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళని రాసింది కూడా దీని గురించేనన్నమాట. మా ఆయన అప్పటికే లేచి వెళ్ళి డ్రమ్ముల స్టూలు దగ్గర నిలబడ్డారు. వంగి, కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులోంచి కిటికీ బయటకు చూశారు. “బాబూ, నువ్వు ఎటు తిరిగి పాడతావు?” అని అడిగారు.

“కిటికీకి ఈపు పెట్టి, తన ఎదురుగా.”

“అయితే గేటు నీకు కనపడదు. ఆ పిల్లకే కనపడతాది.” మాస్టారు బోర్డు మీద లెక్క తేలినప్పుడు చూసే చూపు చూశారు నన్ను. “ఒసే, నువ్వు రాసిన లోటు ఇదేనే. ఆ పిల్ల తొందరపడనేదు. గేటు పడడం సూసింది, బండి వచ్చేలోపు పాటని గట్టెక్కించింది.”

అతను వచ్చి, తనూ వంగి కిటికీలోంచి గేటు వైపు చూశాడు. “నాకెప్పుడూ సెప్పనేదండీ” అన్నాడు. “తను పెంచితే నానూ పెంచేవోణ్ణి. ఎందుకని అడగనేదు.”

ఆమె మధ్యాహ్నం నుంచి బజార్లో మందుల షాపులో పని చేస్తుంది. అతను తోడొస్తానన్నాడు గానీ వద్దన్నాను. చుక్క పెట్టింది నేను, తుడవాల్సిందీ నేనే. షాపు ముందుకు వెళ్ళాక ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె మాత్రల అట్టలు కత్తిరిస్తోంది. జడ బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, నిమ్మళంగా ఉంది. కాని కత్తెర పట్టని చేతి వేళ్ళు అద్దాల బల్ల మీద ఆగకుండా ఏదో వాయిస్తున్నాయి. “ఏటి కావాలమ్మా?” అంది. నోటికొచ్చినట్టు తలనొప్పి మాత్రలడిగాను. ఇచ్చింది. అప్పుడు చెప్పాను నేనెవరో.

వేళ్ళు ఆగిపోయాయి.

చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. రెండో చరణమే నాకు అన్నిటి కన్నా నచ్చిందనీ, నచ్చింది కాబట్టే దానికి వంక పెట్టాననీ, మా ఇంట్లో మెచ్చుకోవడమంటే అలాగే ఉంటుందనీ, అది దిష్టి తగలకుండా పెట్టిన చుక్కేననీ. వెనకాల మా ఆయన, “నిజమేనమ్మా, నా సెవులకీ అలగే పెట్టింది” అని సాక్ష్యం పలికారు.

ఆమె కత్తెర కింద పెట్టింది. “ఏటమ్మా, సుక్క పెట్టడానికి నా బుగ్గే దొరికిందా?” అంది. “మేం బాప్టిస్టు చర్చికి ఎల్తాం. మాకు దిష్టిలూ గిష్టిలూ నేవు. మాకు తగిలింది నీ సుక్కే.”

ఇంతలో ఎవరో దగ్గు మందుకు వచ్చారు. ఆమె సీసా తీసి, ఎన్ని చెంచాలు పట్టాలో ఓపిగ్గా రెండుసార్లు చెప్పి పంపింది. తరవాత గొంతు తగ్గించి మాట్లాడింది. “పదేళ్ళ నుంచి చర్చిలో కీర్తనలకి వాయిస్తన్నానమ్మా. నిలకడగానే వాయిస్తాను, కావాలంటే వచ్చి ఇను. ఆ షెడ్డులోనే అలగ. గేటు పడితే నా సేతులు నా మాట ఇనవు. అదే నాకు బాగుండేది. మిగతా రోజంతా నిలకడే కదా. నువ్వు రాసింది సదివి, ఓహో, నాకు బాగున్నది బాగాలేనిదన్నమాట అనుకున్నాను. సదువుకున్నావిడ రాసింది మరి.”

ఇది విన్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఆమె చూసి, కాస్త మెత్తబడి, ఒక్కసారిగా నవ్వింది. “అయినా గేటంటే ఆయుష్షని రాసినావేటి అప్పా? గేటంటే గేటే.” అమ్మా అన్నది అప్పా అయింది. మా వైపు అప్ప అంటే అక్క.

“రేపు హాల్లో నువ్వే వాయించాలి” అన్నాను.

“రేపు సంగతి రేపు సూద్దాం. రాస్తే మాత్రం ఈసారి సుక్క ఎవరికి పెడతావో సూస్తాను.” అంతే, ఇంకో మనిషి చీటీ అందుకుంది. మేం తలనొప్పి మాత్రలతో ఇంటికొచ్చాం. వాటి అవసరం నిజంగానే పడింది.

ఆదివారం నాలుగు గంటలకు హాల్లో మొదటి వరసలో కూర్చున్నాం. నాలుగు బ్యాండ్లు, వీళ్ళది మూడోది. మొదటి రెంటి గురించి నా అభిప్రాయం చెప్పే స్థితిలో లేను. తెర పక్క నుంచి అతనొక్కడే గిటారుతో వచ్చాడు. ల్యాప్‌టాప్ తెచ్చి డ్రమ్ముల స్టూలు మీద పెట్టాడు. గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను. ఎవరూ లేరు. మైకు సరిచేసుకున్నాడు, మళ్ళీ చూశాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు వచ్చింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీరలోనే ఉంది, భుజాన సంచీ. సంచీలోంచి కీర్తనల పుస్తకం తీసి పక్కన పెట్టి, దాని అడుగు నుంచి రెండు కర్రలు తీసింది. స్టూలు మీది ల్యాప్‌టాప్ ఎత్తి, నేరుగా మొదటి వరసకు వచ్చి, మా ఆయన ఒళ్ళో పెట్టింది. “మాస్టారూ, ఇది కాస్త పట్టుకోండి” అంది. వెళ్ళి కూర్చుంది. అతని ముఖం చూడాలి, పండగే.

పాట మొదలైంది. మొదటి చరణం నిలకడగా నడిచింది. ఇక్కడ కిటికీ లేదు, గేటు లేదు. ఉన్నదల్లా ఆమె పక్కన సున్నం వేసిన గోడ. రెండో చరణం దగ్గర ఆమె తల తిప్పి ఆ గోడ వైపు చూసింది. ఏం చూసిందో ఆమెకే తెలియాలి. చేతులు పరుగందుకున్నాయి. అతను నవ్వుతూ వెంటపడ్డాడు. “బేగి రాయే, బేగి రాయే” అని హాలంతా అందుకుంది. నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. అరిచానని మా ఆయన తరవాత చెప్పారు. ఆయనా, ఒళ్ళో ల్యాప్‌టాప్ లేకపోతే లేచి ఉండేవారే, కాళ్ళు మాత్రం నేల మీద ఆగలేదు. పాట టక్కున ఆగింది. గూడ్సు రావాల్సిన చోట ఈసారి చప్పట్లు వచ్చాయి.

ఆ మర్నాడు తెల్లారకముందే రాయడానికి కూర్చున్నాను. నాలుగు పేరాల పొగడ్త, ఎక్కడా తోక లేదు. చెయ్యి దురద పెట్టింది. గిటారు తీగ ఒకటి కాస్త వదులుగా ఉందని రాయబోయాను, చెరిపేశాను. మైకు కీచుమందని రాయబోయాను, చెరిపేశాను. ఐనా ఏ చుక్కా లేకుండా ఆ ఇద్దరినీ జనంలోకి పంపడానికి మనసొప్పలేదు, మా అమ్మ కూతుర్ని కదా. చాలాసేపు ఆలోచించి పైకి వెళ్ళి, అన్నిటి కన్నా ముందు ఒక మాట పెట్టాను: ‘పోయినసారి ఈ పాటలో డ్రమ్ములు తొందరపడుతున్నాయని రాశాను. లోటు డ్రమ్ముల్లో లేదు, రాసిన మనిషిలో ఉంది.’

మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చివరి నుంచి పైకి చదివారు. “సుక్కేదే?” అన్నారు. అన్నిటి కన్నా పైనున్న మాట చూపించాను. చదివి, చెవులకు చుట్టుకున్న మఫ్లరు తీసి కుర్చీకి తగిలించారు.

మధ్యాహ్నం ల్యాబులో ఉండగా ఒక మెసేజి వచ్చింది, మందుల షాపు నుంచి.

“సుక్క బాగున్నాది అప్పా. సెరిపెయ్యకు.”